మనీలా ముద్ర, మెక్సికో వెండి: ఒక కౌంటర్‌స్టాంప్ నాణెం పరీక్ష

ఈ కేసులో తేల్చాల్సింది ఒక్కటే. నాణెం మెక్సికో రిపబ్లిక్ కొట్టించిన 8 రియాల్స్. దాని మీద అంచుకు దగ్గరగా, సెంటీమీటరు వెడల్పు కూడా లేని గుండ్రటి గుంటలో ఒక కిరీటం, కిరీటం కింద ‘ఎఫ్.7.ఓ’ అన్న గుర్తు ఉన్నాయి. స్పెయిన్ రాజు ఏడో ఫెర్డినాండ్ పేరున ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో వేసిన పైముద్ర (కౌంటర్‌స్టాంప్, అంటే అచ్చయిన నాణెం మీద తర్వాత కొట్టిన ముద్ర) అని చెప్పి అమ్మారు. వెండి మంచిదేనని, నాణెం పాతదేనని చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. ముద్ర సంగతే తేలాలి.

నాణెం యజమాని భీమవరంలో ప్రాక్టీసు చేసే ఒక డాక్టరుగారు. ఒక విదేశీ ఆన్‌లైన్ వేలంలో కొన్నారు. ముద్ర లేని అదే రకం నాణెం మామూలు ధరకే దొరుకుతుంది. ముద్ర ఉందంటే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆయన పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం ఆ చిన్న గుంటకే పోయింది. నేను చాలా ఏళ్లుగా స్పానిష్ డాలర్లు (8 రియాల్స్ నాణేలకే ఆ పేరు), వాటి మీద ప్రభుత్వాలూ వ్యాపారులూ వేసిన ముద్రలూ సేకరిస్తున్నాను. అందుకని తోటి సేకర్తలు అప్పుడప్పుడు ఇలాంటివి చూడమని తెస్తుంటారు.

“అంతా సరిగ్గానే ఉందండీ. కానీ ముద్ర మరీ అందంగా పడింది. అదే నా టెన్షన్. మీరొకసారి చూసి ఉన్నదున్నట్టు చెప్పండి, మొహమాటం వద్దు,” అన్నారాయన.

“మీ దగ్గర మొహమాటమెందుకండీ. కానీ ముద్ర చివర్లో చూస్తాను. ముందు నాణెం చూడనివ్వండి,” అన్నాను.

నా పద్ధతి అదే. కౌంటర్‌స్టాంప్ నాణెం అంటే రెండు కాలాల్లో, రెండు చోట్ల, ఇద్దరు వేరువేరు మనుషులు చేసిన పని. అమ్మేవాళ్లు ముద్రని పెద్దగా ఫొటో తీసి చూపిస్తారు. కింది నాణెం గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. దొంగముద్ర వేసేవాడు కూడా ముద్ర చెక్కడం మీద ఎంతో శ్రద్ధ పెడతాడు గానీ, ఏ నాణెం మీద వేస్తున్నాడో పెద్దగా ఆలోచించడు. కాబట్టి ఆధారాలు ఎక్కువగా కింది నాణెంలోనే దొరుకుతాయి.

మనీలాలో ఏం జరిగింది

ఈ ముద్ర ఎందుకు పుట్టిందో తెలియకుండా దాన్ని పరీక్షించలేం. 1565 నుంచి 1815 దాకా మెక్సికోలోని అకపుల్కో రేవు నుంచి మనీలాకు స్పెయిన్ గాలియన్ ఓడలు నడిచాయి. అమెరికా ఖండపు వెండి వాటిలోనే వచ్చేది. అందులో ఎక్కువ భాగం పట్టుకీ, పింగాణీకీ మారకంగా చైనాకు పోయేది. ఆ వెండి మీద స్పెయిన్ రాజు బొమ్మో, రాజచిహ్నమో ఉండేది. 1821లో మెక్సికో స్వతంత్రమైంది. ఆ దశాబ్దం మధ్యకల్లా పెరూ, బొలీవియా కూడా స్పెయిన్ చేయి దాటిపోయాయి. ఫిలిప్పీన్స్ మాత్రం 1898 దాకా స్పెయిన్ ఏలుబడిలోనే ఉంది.

గాలియన్లు ఆగినా వెండి రాక ఆగలేదు. మారింది వెండి మీది బొమ్మ. మెక్సికో కొత్త నాణెం మీద ఒక వైపు పాముని పట్టుకున్న గద్ద, చుట్టూ ‘రిపుబ్లికా మెక్సికానా’ అన్న రాత. రెండో వైపు కిరణాల మధ్య ఒక టోపీ, టోపీ మీద ‘లిబర్తాద్’, అంటే స్వేచ్ఛ. రాజు మీద తిరగబడి గెలిచినవాళ్ల నాణెం అది. అదే నాణెం రాజు గవర్నరు పాలిస్తున్న ఊళ్లో బజారులో చేతులు మారుతోంది. దాన్ని నిషేధిస్తే చెలామణిలో డబ్బుండదు, వ్యాపారం నిలిచిపోతుంది. చూసీ చూడనట్టు ఊరుకుంటే రాజు కొలువులోనే తిరుగుబాటును ఒప్పుకున్నట్టవుతుంది.

1828లో మనీలా అధికారులు దీనికొక దారి కనిపెట్టారు. రిపబ్లిక్‌ల నాణేల మీద నాణెమంత పెద్ద ముద్ర కొట్టించారు. ఒక వైపు ఏడో ఫెర్డినాండ్ రాజు పేర చెల్లుబాటు చేసినట్టు స్పానిష్‌లో రాత, రెండో వైపు స్పెయిన్ రాజచిహ్నం, మనీలా పేరు, సంవత్సరం. స్వేచ్ఛ టోపీ కనపడకుండా చేయాలన్నది ఉద్దేశం. కానీ అప్పటికే గట్టిగా అచ్చుపడిన నాణెం మీద మళ్లీ అంత పెద్ద అచ్చు కొడితే కిందిది పూర్తిగా చెరగదు, పైది పూర్తిగా పడదు. ఈ పెద్ద ముద్ర నాణేలు ఇప్పుడు చూస్తే రెండు రాతలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. అచ్చులూ తట్టుకోలేకపోయాయి. అందుకే 1832లో ఆ పద్ధతి మానేసి, సుత్తి దెబ్బతో పడే చిన్న గుండ్రటి ముద్రకి మారారు. కిరీటం కింద ఎఫ్.7.ఓ అంటే ఏడో ఫెర్డినాండ్.

ఫెర్డినాండ్ 1833 సెప్టెంబరు 29న చనిపోయాడు. ఆయన కూతురు రెండో ఇసబెల్లా పసిపిల్లగా ఉండగానే రాణి అయింది. ఆ వార్త మనీలాకు చేరాలంటే ఓడ నెలల తరబడి రావాలి. చేరాక 1834లో ముద్ర మార్చారు. కిరీటం కింద వై అక్షరం, పక్కన రోమన్ అంకెల్లో రెండు. ఆ రోజుల్లో ఇసబెల్లా పేరు వై అక్షరంతో మొదలుపెట్టి రాసేవారు. ఈ కొత్త ముద్ర 1837 దాకా నడిచింది. 1836 డిసెంబరులో స్పెయిన్ మెక్సికో స్వాతంత్ర్యాన్ని గుర్తించింది. ఇక ఆ నాణేల మీద ముద్ర వేయాల్సిన అవసరమే లేకుండా పోయింది.

అంటే ఎఫ్.7.ఓ ముద్ర ఆయుష్షు 1832 నుంచి 1834 దాకానే. ఇంత ఇరుకైన కాలం ఉన్న ముద్ర పరీక్షించేవాడికి పెద్ద వరం.

తూకం, వెండి

నాణెం తూకం 26.79 గ్రాములు. ఆ కాలపు 8 రియాల్స్ ప్రమాణం 27 గ్రాముల పైన కొద్దిగా. బాగా చెలామణి అయిన నాణేనికి ఈ తరుగు సహజం. నీళ్లలో వేలాడదీసి తూస్తే 2.60 గ్రాములు తగ్గింది. మొదటి సంఖ్యని రెండోదానితో భాగిస్తే 10.3. నూటికి 90 పాళ్లు వెండి, మిగతాది రాగి ఉన్న లోహానికి రావాల్సిన సాంద్రత అదే. నగల షాపుల్లో వాడే మంచి తూకం, ఒక గ్లాసు నీళ్లు, సన్నటి దారం ఉంటే ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ప్రతి సేకర్తా నేర్చుకోవాల్సిన పని ఇది. నాణేనికి గీత కూడా పడదు.

తర్వాత హాల్‌మార్కింగ్ సెంటర్‌లో, ఎక్స్-కిరణాలతో లోహాల పాళ్లు చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్ కింద పెట్టించాం. వెండి 90 శాతానికి అటూ ఇటూగా వచ్చింది. రాగి, కొద్దిగా సీసం, బంగారం జాడ కనిపించాయి. పాత మెక్సికో వెండిలో బంగారం జాడ ఉండటం మామూలే. ఆ రోజుల్లో వెండిని ఇప్పట్లా కరెంటుతో శుద్ధి చేసేవారు కాదు, కాబట్టి అలాంటివి కొంత మిగిలిపోయేవి. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఈ మెషిన్ పైపొరని మాత్రమే చదువుతుంది. పాత వెండి నాణెం పైపొరలో రాగి కొంత కరిగిపోయి, వెండి శాతం లోపలికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే నేను మెషిన్ అంకెని ఒక్కదాన్నే ఎప్పుడూ నమ్మను. సాంద్రత మొత్తం లోహానికి సంబంధించింది కాబట్టి రెండూ కలిపి చూస్తాను. ఇక్కడ రెండూ ఒకే మాట చెప్పాయి.

అంచు మీద అతుకు గీత లేదు. పోతపోసిన నకిలీల్లో కనిపించే సన్నటి బుడగల గుంటలు లూప్ (చిన్న భూతద్దం) కింద ఎక్కడా లేవు. కాబట్టి నాణెం అసలుది. ఇంతవరకు డాక్టరుగారి అనుమానానికి ఆధారం దొరకలేదు.

చివరి అంకె

టోపీ ఉన్న వైపు కింది అంచు వెంబడి చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది. ముందు విలువ, తర్వాత టంకసాల గుర్తు, సంవత్సరం, వెండి నాణ్యత పరీక్షించిన అధికారుల పేర్ల మొదటి అక్షరాలు, చివర నాణ్యత అంకెలు. మామూలు కొనుగోలుదారు ఈ వరుసలో సంవత్సరం మాత్రం చూసి వదిలేస్తాడు. నాకైతే నాణెం మొత్తంలో విలువైన చోటు ఇదే.

ఈ నాణెంలో టంకసాల గుర్తు ఎం అక్షరం మీద చిన్న ఓ. అంటే మెక్సికో సిటీ. సంవత్సరంలో 183 స్పష్టంగా ఉంది. నాలుగో అంకె మీద పైముద్ర గుంట అంచు కూర్చుంది. దాని పక్కన అధికారుల అక్షరాలు ఎం.ఎల్.

అధికారుల అక్షరాలు మారినప్పుడల్లా నాణెం మీద మారతాయి. మెక్సికో సిటీలో 1833 దాకా జె.ఎం., 1833–34లో ఎం.జె., 1834 నుంచి 1840ల మొదటి ఏళ్ల దాకా ఎం.ఎల్. కాబట్టి 183తో మొదలై ఎం.ఎల్. ఉన్న నాణెం 1834 నుంచి 1839 లోపుది. అంతకు ముందుది కావడానికి వీల్లేదు.

ఇక్కడికి వచ్చేసరికి కేసు ఒక్క అంకె మీద నిలబడింది. నాణెం 1834దైతే ముద్ర అసలుదయ్యే అవకాశం సన్నగా ఉంటుంది. ఆ ఏడాది మెక్సికోలో అచ్చయి, వెంటనే ఓడెక్కి, ముద్ర మారేలోపు మనీలా చేరి ఉండాలి. 1835 గానీ ఆ తర్వాతది గానీ అయితే ముద్ర అసలుది కాలేదు. ఆ ఒక్క అంకె మీదే గుంట పడటం యాదృచ్ఛికం అనుకోవడం నాకు కష్టమే. కానీ అనుమానం రుజువు కాదు కదా. అంకెనే చదవాలి.

పక్క నుంచి వాలుగా లైటు పడేలా పెట్టి, లైటు దిశ మారుస్తూ అదే చోటుని మళ్లీ మళ్లీ ఫొటో తీశాను. నాలుగో అంకె పైభాగం గుంటలో పూర్తిగా పోయింది. కింది మూడో వంతు మిగిలింది. మిగిలిన ముక్క ఒక వంపు. ఎడమ నుంచి కుడికి గుండ్రంగా తిరిగిన కింది కొస.

ఎం.ఎల్. ఉన్న 1830ల నాణేల్లో చివరి అంకె 4, 5, 6, 7, 8, 9లలో ఏదో ఒకటి అవ్వాలి. వీటిలో 4కి కింద నిలువు కాడే ఉంటుంది. 7కీ అంతే. కింద వంపుతో ముగిసేవి 5, 6, 8, 9. ఈ నాలుగింటిలో ఏదన్నది ఈ నాణెం మీద చెప్పలేం. చెప్పాల్సిన అవసరమూ లేదు. ఏదైనా సరే 1834 కాదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. నేనే వేసుకున్నాను. ముద్ర దెబ్బకి పక్క లోహం జరుగుతుంది. 4 కాడ వంగి వంపులా కనిపిస్తోందేమో? ఇలాంటి దెబ్బ పడితే లోహం గుంట అంచు నుంచి బయటికి తోసుకుపోతుంది, గుంటకి అతి దగ్గరలో మాత్రమే. గుంట నుంచి దూరం పెరిగే కొద్దీ ఆ జరుగుడు తగ్గిపోతుంది. ఇక్కడ వంపు గుంటకి దూరంగా ఉన్న కొసలోనే అన్నిటికన్నా స్పష్టంగా ఉంది. పక్కనే ఉన్న 3, ఎం అక్షరం కాళ్లు ఏమాత్రం వంగలేదు. తర్వాత ఆరేళ్ల ఎం.ఎల్. నాణేల ఫొటోలు అదే సైజుకి తెచ్చి, ఒక్కొక్కటి ఈ ఫొటో మీద పరిచి చూశాను. 4 ఏ రకంగానూ కుదరలేదు.

చాప్‌మార్క్ ఏం చెబుతోంది

ఇంకో అభ్యంతరం కూడా న్యాయమైనదే. ఆఫీసుల్లో ఆర్డరు మారినంత మాత్రాన పాత పనిముట్టు పెట్టెలోంచి మాయమైపోదు. కొత్త ముద్ర వచ్చాక కూడా ఎవరో గుమాస్తా పాత ఎఫ్.7.ఓ ముద్రే చేతికందితే వాడి ఉండొచ్చు కదా? అలాగైతే 1835 నాణెం మీద అది ఉండటం అసాధ్యమేమీ కాదు.

దీనికి జవాబు నాణెం మీదే ఉన్న మూడో సాక్ష్యం ఇచ్చింది. అది చాప్‌మార్క్. చైనా వ్యాపారులూ డబ్బు మార్చేవాళ్లూ తమ చేతుల మీదుగా వెళ్లిన వెండిని పరీక్షించి, మంచిదని తేలితే తమ గుర్తు చిన్న ముద్రగా కొట్టేవారు. మన షరాబులు పాత రూపాయల మీద కొట్టిన చిన్న గుర్తులు కూడా ఇలాంటి నమ్మకం కోసం వేసినవే. ఆర్కాటు రూపాయల్లోనూ, కంపెనీ రూపాయల్లోనూ అలాంటివి చూసే ఉంటారు.

ఈ నాణెం మీద రెండు చాప్‌లు ఉన్నాయి. ఒకటి దూరంగా గద్ద వైపు. రెండోది టోపీ వైపు, ఎఫ్.7.ఓ గుంటని ఆనుకుని. లూప్ కింద చూస్తే గుంట అంచు ఆ చాప్ గీతని కోసుకుంటూ పోయింది. చాప్ ముందు పడింది, ఆ తర్వాతే ఎఫ్.7.ఓ పడింది. వరుస అంత వరకు స్పష్టం.

ఇప్పుడు అరుగుదల చూద్దాం. చాప్ అంచులు గద్ద రొమ్ము మీది ఈకలు అరిగినంతగా అరిగి మెత్తబడ్డాయి. అంటే చాప్ కొట్టాక నాణెం చాలా కాలం చేతులు మారింది. ఎఫ్.7.ఓ గుంట చుట్టూ పైకి లేచిన లోహం గట్టు మాత్రం పదునుగా ఉంది. వేలితో తడిమితే గరుకు తగులుతుంది. 1834 తర్వాత మెక్సికోలో పుట్టి, చైనా వర్తకంలో పడి, చాప్ వేయించుకుని, ఆ చాప్ అరిగేదాకా ఏళ్ల తరబడి తిరిగి, ఆ తర్వాతే మనీలాలో ముద్ర వేయించుకోవాలి. అప్పటికి 1837 ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. మెక్సికో నాణెం మీద ముద్ర అడిగేవాడే అప్పుడు మనీలాలో లేడు. పెట్టెలో మిగిలిపోయిన పాత పనిముట్టు అన్న వాదన ఇక్కడ నిలబడదు.

వెనక వైపు కూడా ఇదే చెబుతోంది. ముద్ర కొట్టేటప్పుడు నాణెం దాగలి మీద ఆనుతుంది కాబట్టి ముద్రకి సరిగ్గా వెనకున్న అక్షరాలు చదునవుతాయి. ఈ చదును లేకపోతే మొత్తం నాణెం పోతపోసిందేమోనని అనుమానించాలి. ఇక్కడ చదును ఉంది, గద్ద వైపు రాతలో కొన్ని అక్షరాలు అణిగిపోయాయి. కానీ ఆ చదును మీద చెలామణి గీతలు ఒక్కటీ లేవు. పక్క ఖాళీలో పాత గీతలు అడ్డదిడ్డంగా ఉండి, చదును దగ్గరికి వచ్చేసరికి దాని కిందకి వెళ్లి మాయమయ్యాయి. గుంటలో పట్టిన నలుపు కూడా అంతటా ఒకే పొరగా ఉంది. పాత వెండిలో మూలల్లో మురికి పేరుకుని, ఎత్తైన చోట్ల పల్చబడుతుంది. ఇలా ఒకే రంగు పులిమినట్టు ఉందంటే గంధకం కలిపిన మందుతో నల్లబరిచారని నా అభిప్రాయం. అయితే తీర్పుని రంగు మీద నిలబెట్టను. ముద్ర పడ్డ వెంటనే ఒక నాణాన్ని ఇంట్లో దాచేసి ఉంటే అది చెలామణి గీతలు లేకుండా మిగలొచ్చు కూడా. సంవత్సరం, చాప్ వరుస రెండూ కలిసి ఇచ్చిన తీర్పుకి ఇవి బలం మాత్రమే.

ముద్ర సంగతి

చివరికి ముద్ర. నిజానికి చాలా నైపుణ్యంగా చెక్కారు. మనీలాలో ఒకే పనిముట్టు వాడలేదు. కాబట్టి ఏదో ఒక ఫొటోతో పోల్చి ‘కిరీటం ఇలా లేదు’ అని కొట్టేయడం సరైన పద్ధతి కాదు. నమ్మకమైన పాత సేకరణల నుంచి వచ్చిన ముద్రల ఫొటోలు వీలైనన్ని పోగుచేసుకుని, కిరీటం, అక్షరాల వంపు, చుక్కల జాగా అన్నీ చూడాలి. ఈ ముద్ర వాటిలో దేనితోనూ సరిపోలలేదు. రెండు లోపాలు మాత్రం నోట్ చేసుకున్నాను. కిరీటం కుడి కొసన ఒక ముత్యం తెగిపోయి ఉంది. ఎఫ్ అక్షరం పాదం దగ్గర వెంట్రుకంత చీలిక ఉంది.

ఇదే పద్ధతి మిగతా చోట్ల

ముద్ర తేదీకీ, కింది నాణెం తేదీకీ మధ్య లెక్క చూడటం మనీలాకే పరిమితం కాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ హోలీ డాలర్ (చిల్లు డాలర్) తీసుకోండి. ఆ కథ మన తీరం నుంచే మొదలవుతుంది. 1812లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు నుంచి 40,000 స్పానిష్ డాలర్లు పంపింది. సమరాంగ్ అనే ఓడ ఆ నవంబరులో వాటిని సిడ్నీలో దించింది. గవర్నరు లాక్లన్ మక్వారీ వాటి మధ్యలో చిల్లు పొడిపించాడు. పని చేసినవాడు విలియం హెన్షాల్, ఫోర్జరీ నేరంపై శిక్షపడి వచ్చిన ఖైదీ. చిల్లుపడ్డ ఉంగరం లాంటి ముక్క మీద ఒక వైపు న్యూ సౌత్ వేల్స్, 1813 అని, రెండో వైపు ఐదు షిల్లింగులు అని ముద్ర వేశారు. మధ్యలోంచి ఊడిన బిళ్ల పదిహేను పెన్నీలు. ఐదు షిల్లింగుల డాలరు ఆరు షిల్లింగుల మూడు పెన్నీలైంది. చిల్లుపడ్డ నాణెం బయట ఊళ్లో చెల్లదు కాబట్టి కాలనీ దాటి పోయేదీ కాదు. ఈ రోజు మిగిలిన హోలీ డాలర్లు సుమారు మూడు వందలంటారు. వాటిలో ఏదైనా ముందుకొస్తే మొదటి ప్రశ్న అదే: మద్రాసు రేవులో 1812లో ఓడెక్కగలిగినంత పాతదేనా కింది నాణెం? ఉంగరం మీద రాజు పేరు, సంవత్సరం చాలా వరకు మిగిలే ఉంటాయి. కాబట్టి జవాబు చాలాసార్లు దొరుకుతుంది.

మద్రాసు టంకసాల కూడా స్పానిష్ డాలర్లని వదల్లేదు. 1807–08 ప్రాంతంలో అర వరహా, పావు వరహా వెండి నాణేలు వేసింది. ఒక వైపు నక్షత్రాల మధ్య గోపురం, రెండో వైపు విష్ణువు. చుట్టూ ఇంగ్లీషు, పారసీ, తమిళం, తెలుగు రాతలు. కొన్ని అర వరహాల మీద గోపురం పక్కన కింది స్పానిష్ డాలర్ ఆనవాళ్లు ఇంకా కనిపిస్తాయి. మన తెలుగు అక్షరాల కింద మెక్సికో టంకసాల గుర్తు వెతకడం నాకు ఈ సేకరణలో అన్నిటికన్నా ఇష్టమైన పని.

దొంగముద్ర వేయడం కూడా కొత్తదేం కాదు. 1797లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వెండి కొరత తట్టుకోలేక స్పానిష్ డాలర్ మీద మూడో జార్జ్ తల ఉన్న చిన్న గుడ్డు ఆకారపు ముద్ర వేసి 4 షిల్లింగుల 9 పెన్నీలకి చెలామణిలోకి వదిలింది. నెలల్లోనే దొంగముద్రలు పుట్టుకొచ్చి ఆ ఏడాదే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 1804లో ముద్రని ఎనిమిది పలకలుగా మార్చి ఐదు షిల్లింగులు చేశారు. అప్పుడూ దొంగముద్రలు వచ్చాయి. చివరికి బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో మాథ్యూ బోల్టన్ మెషిన్లతో డాలర్ మొత్తం మీద కొత్త అచ్చు కొట్టించారు. ఆ కాలపు దొంగముద్ర నాణేలకి ఇప్పుడు సేకరణ విలువ ఉంది, అవి కూడా ఆ చరిత్రలో భాగమే. నిన్నగాక మొన్న వేసిన దొంగముద్ర అలాంటిది కాదు. అది చరిత్రని చెరపడం.

అమెరికాలో కథ కొంచెం వేరు. అక్కడ స్పానిష్ వెండి 1857 దాకా చట్టబద్ధంగా చెల్లింది. కంసాలులూ వ్యాపారులూ తమ పేర్లు కొట్టుకునేవారు. బాల్టిమోర్‌లో హౌక్స్ పనేసియా అనే మందు అమ్మినవాళ్లు అర డాలర్ల మీద తమ పేరే ప్రకటనగా కొట్టించారు. అక్కడ ప్రభుత్వ ఉత్తర్వు ఉండదు, కాలం తేల్చే సరిహద్దూ ఉండదు. వ్యాపారి ఎప్పుడు షాపు తెరిచాడో, ఎప్పుడు మూశాడో వెతకాలి. పేరు ఒకే పనిముట్టుతో పడిందా, అక్షరం అక్షరం విడిగా కొట్టారా అని చూడాలి. విడి అక్షరాల పనిముట్లు ఇప్పటికీ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. అందుకే విడి అక్షరాలతో పడ్డ పేరుకి నేను ఎప్పుడూ ఎక్కువ ధర పెట్టను.

తీర్పు, తర్వాత

డాక్టరుగారికి రాసిచ్చిన రిపోర్టులో నా తీర్పు ఇది. కింది నాణెం అసలైన మెక్సికో సిటీ 8 రియాల్స్, 1835 నుంచి 1839 లోపుది, ఎం.ఎల్. అధికారులది. చాప్‌లు రెండూ పాతవి, అసలువి. ఎఫ్.7.ఓ పైముద్ర ఈ మధ్య వేసిన నకిలీ.

“గ్రేడింగ్ కంపెనీకి పంపితే ఇంకో మాట వస్తుందేమోనండీ?” అని అడిగారు. నాణెం అసలుదా కాదా, ఎంత బాగుంది అని పరీక్షించి చెప్పే కంపెనీలవి. విదేశాలకి పంపే ముందు మన చట్టం చూసుకోవాలని చెప్పాను. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని దేశం దాటించడానికి ఆంక్షలున్నాయి. తెప్పించుకోవడం తేలిక, మళ్లీ పంపడం తేలిక కాదు. అందుకే బయటి నుంచి కొనేవాళ్లు కొనక ముందే ఫొటోల మీద ఈ పరీక్షలన్నీ చేసుకోవాలి. ఈ కేసులోనూ సంవత్సరంలో మిగిలిన భాగం, అధికారుల అక్షరాలు అమ్మకం ఫొటోలోనే కనిపించాయి.

అమ్మినవాళ్లకి రిపోర్టు, ఫొటోలు పంపారు. కొన్ని ఉత్తరాలయ్యాక వాళ్లు డబ్బు వెనక్కిచ్చారు, నాణెం తిరిగి అడగలేదు. మరొకరి చేతికి మళ్లీ మనీలా నాణెంగా వెళ్లకూడదని డాక్టరుగారు దాన్ని తన దగ్గరే ఉంచుకున్నారు. కవరు మీద ‘పైముద్ర నకిలీ’ అని పెద్దక్షరాలతో రాశారు.

నేను ఆ ముద్ర ఫొటోని, తెగిన ముత్యం, ఎఫ్ పాదం దగ్గరి చీలిక బాణం గుర్తులతో చూపించి, నాకు తెలిసిన సేకర్తలందరికీ పంపాను. ఒక పనిముట్టు చేయించుకున్నవాడు ఒక్క నాణెంతో ఆగడు. కొన్నాళ్లకి ఒకరు అమ్మకానికి వచ్చిన పొటోసి (బొలీవియాలోని టంకసాల) నాణెం ఫొటో పంపారు. పైముద్ర ఎఫ్.7.ఓ. నాణెం సంవత్సరం 1830, లెక్క ప్రకారం ఏ అభ్యంతరమూ లేదు. కానీ కిరీటం కుడి కొసన అదే ముత్యం లేదు, ఎఫ్ పాదం దగ్గర అదే చీలిక ఉంది.